పోర్చుగీసు నేర చట్టం ఇంగ్లీషులోకి వచ్చేసరికి

2024 నవంబరు 21న బ్రెజిల్ ఫెడరల్ పోలీసులు మాజీ అధ్యక్షుడు జాయిర్ బోల్సొనారో, మరో 36 మంది పేర్లతో ఒక దర్యాప్తు నివేదికను సుప్రీంకోర్టుకు అందజేశారు. 2022 ఎన్నికల్లో ఓడిపోయాక కూడా కుర్చీ దిగకుండా ఉండడానికి కుట్ర పన్నారన్నది ఆరోపణ. ఆ రోజు పోర్చుగీసు భాషలో వచ్చే బ్రెజిల్ పత్రికలు వాడిన మాట ‘ఇందిసియామెంతో’. ఇంగ్లీషు వార్తల్లో చాలాచోట్ల అది ‘ఇండైట్‌మెంట్’ అయిపోయింది. మూడు నెలలు తిరక్కుండానే, 2025 ఫిబ్రవరి 18న, ప్రాసిక్యూటర్ జనరల్ 34 మంది మీద ‘దెనూన్సియా’ దాఖలు చేశారు. ఇంగ్లీషులో దాన్ని ‘ఛార్జ్’ అన్నారు. మార్చి 26న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ దెనూన్సియాను స్వీకరించి, బోల్సొనారోతో పాటు మరో ఏడుగురిని విచారణకు నిలబెట్టింది. ఇంగ్లీషు హెడ్డింగులు మాత్రమే చూసుకుంటూ వెళ్లిన మనిషికి, ఒకే నేరం మీద ఆయన మళ్లీ మళ్లీ ముద్దాయి అవుతున్నట్టు కనిపించింది. నిజానికి అయింది ఒక్కసారే, మార్చిలో.

ఇందిసియామెంతో పోలీసు చేసే పని. బ్రెజిల్‌లో దర్యాప్తును నడిపే అధికారిని ‘దెలెగాదో’ అంటారు. పేరు చూసి డెలిగేట్ అని రాస్తే ఏదో మహాసభకు వచ్చిన ప్రతినిధిలా ఉంటుంది గానీ, ఆయన పోలీసు అధికారి, లా డిగ్రీ ఉంటేనే ఆ ఉద్యోగం వస్తుంది. ఆధారాలన్నీ చూసి ‘ఈ నేరం ఫలానా వ్యక్తి చేసినట్టు కనిపిస్తోంది’ అని కారణాలతో సహా రాసే అధికారం ఆయనదేనని 2013లో వచ్చిన 12,830 నంబరు చట్టం చెబుతోంది. ఆ రాతకు ప్రాసిక్యూటర్ కట్టుబడనక్కర్లేదు. ఆధారాలు చాలవని కేసు మూసేయమనొచ్చు, కొందరి పేర్లు వదిలేయొచ్చు. ఆ పైన ప్రాసిక్యూటర్ సొంతంగా రాసి కోర్టులో వేసే అభియోగ పత్రమే దెనూన్సియా. దాన్ని జడ్జి స్వీకరించాకే మనిషి ముద్దాయి.

అమెరికాలో ఇండైట్‌మెంట్ అంటే గ్రాండ్ జ్యూరీ ఇచ్చేది. బ్రెజిల్‌లో గ్రాండ్ జ్యూరీ అనేదే లేదు. కాబట్టి ఇందిసియామెంతోకు ఆ మాట వాడితే పోలీసు అభిప్రాయానికి కోర్టు ముద్ర పడుతుంది. పోనీ మన కోర్టుల ఇంగ్లీషులో చెబుదామని దెనూన్సియాను ఛార్జిషీటు అంటే రాసినవాళ్లే మారిపోతారు. మన దగ్గర ఛార్జిషీటు వేసేది పోలీసులు, అక్కడ దెనూన్సియా వేసేది ప్రాసిక్యూటర్. ‘పోలీసులు ఛార్జ్ చేయాలని సిఫారసు చేశారు’, ‘ప్రాసిక్యూటర్ అభియోగం దాఖలు చేశారు’, ‘కోర్టు విచారణకు స్వీకరించింది’ అని మూడు మామూలు వాక్యాలు రాస్తే గొడవే ఉండదు. మామూలు వాక్యం రాయడానికి అనువాదకులు ఎందుకో మొహమాటపడతారు. లీగల్‌గా వినిపించే ఒక్క మాట దొరికితే పని అయిపోయినట్టు ఉంటుంది కాబోలు.

తెలియని పదం ఎదురైతే ఎవరైనా ఆగి డిక్షనరీ తీస్తారు. పోర్చుగీసు, ఇంగ్లీషు రెండింటి చట్టాల భాషలోనూ లాటిన్ మాటలు బోలెడు ఉన్నాయి కాబట్టి సగం పదాలు ముందే పరిచయం ఉన్నట్టు కనిపిస్తాయి. ఆగకుండా దాటేసేది అక్కడే. దీనికి తోడు, పోర్చుగీసు చట్టం అనేది ఒకటి లేదు. బ్రెజిల్ శిక్షాస్మృతి 1940 నాటిది, పోర్చుగల్‌ది 1982 నాటిది. అటువైపు ఇంగ్లీషు చట్టం కూడా ఒకటి కాదు. లండన్, వాషింగ్టన్, ఢిల్లీ కోర్టులు ఒకే మాటను మూడు అర్థాల్లో వాడతాయి. ఎక్కడి నుంచి, ఎవరి కోసం అని ముందే తేల్చుకోకపోతే డిక్షనరీ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

లిస్బన్‌లో ఒకటి, బ్రసీలియాలో ఒకటి

దెనూన్సియానే తీసుకుంటే, బ్రెజిల్‌లో అది ప్రాసిక్యూటర్ అభియోగ పత్రం. పోర్చుగల్‌లో అదే మాటకు అర్థం ‘నేరం జరిగిందని అధికారులకు చెప్పడం’. పక్కింట్లో దొంగలు పడ్డారని పోలీసులకు ఫోన్ చేసినా అక్కడ దెనూన్సియాయే. అభియోగ పత్రాన్ని వాళ్లు ‘అకుజసావ్’ అంటారు. ‘కేషా’ సంగతీ అంతే. పోర్చుగల్‌లో కొన్ని రకాల నేరాలకు బాధితుడు ఫిర్యాదు చేస్తేనే కేసు నడుస్తుంది, ఆ ఫిర్యాదు పేరు కేషా. బ్రెజిల్‌లో ‘కేషా క్రైమ్’ అంటే ప్రాసిక్యూటర్‌తో పని లేకుండా బాధితుడే లాయరును పెట్టుకుని నేరుగా కోర్టులో వేసే ప్రైవేటు కేసు. పరువు నష్టం లాంటివాటికి ఇది మామూలు. దీన్ని ‘పోలీస్ కంప్లైంట్’ అని ఇంగ్లీషులో రాసేస్తే, కోర్టులో పడాల్సిన కాగితం స్టేషన్‌లో పడుతుంది.

‘ఇన్‌స్త్రుసావ్’ ఇంకో మెలిక. బ్రెజిల్‌లో అది విచారణలో సాక్ష్యాలు తీసుకునే దశ. పోర్చుగల్‌లో అది విచారణకు ముందు వచ్చే దశ, అదీ ఎవరైనా అడిగితేనే ఉంటుంది. ప్రాసిక్యూటర్ నిర్ణయం సరైనదేనా, కేసును విచారణకు పంపాలా వద్దా అని ప్రత్యేకంగా ఒక జడ్జి పరిశీలించే ఘట్టం అది. ఇంగ్లీషులో ‘ఇన్‌స్ట్రక్షన్’ అని రాస్తే, జడ్జి జ్యూరీకి ఇచ్చే సూచనలు అనుకుంటారు. అసలు అర్థాలు రెండింటిలో ఏదీ చేరదు.

పోర్చుగల్ మాటల్లో ఇంగ్లీషు పాఠకులకు బాగా తెలిసిపోయింది ‘అర్గీదో’. 2007 మే 3న ప్రాయా ద లూజ్ అనే తీరప్రాంత ఊళ్లో మడలీన్ మెక్‌కాన్ అనే బ్రిటిష్ పాప కనిపించకుండా పోయింది. ఆ సెప్టెంబరులో పోర్చుగీసు పోలీసులు పాప తల్లిదండ్రులకు అర్గీదో హోదా ఇచ్చారు. బ్రిటిష్ పత్రికలు మొదట ‘సస్పెక్ట్’ అన్నాయి, చాలక ‘ఫార్మల్ సస్పెక్ట్’ అన్నాయి, చివరికి ఆ పోర్చుగీసు మాటనే వాడుకున్నాయి. అది సరైన నిర్ణయమే. ఎందుకంటే అర్గీదో అనే హోదా ఒక విధంగా రక్షణ. ఆ హోదా వచ్చిన క్షణం నుంచి మనిషికి నోరు విప్పకుండా ఉండే హక్కు, లాయరును పెట్టుకునే హక్కు వస్తాయి. సాక్షిగా పిలిచి ప్రశ్నలడిగితే జవాబు చెప్పి తీరాలి. అందుకే ఒక్కోసారి మనుషులు తామే అడిగి అర్గీదో అవుతారు. పోలీసుల అనుమానం మొదలుకొని కోర్టు తీర్పు దాకా పేరు మారదు. అనుమానితుడు, నిందితుడు, ముద్దాయి అని మనం విడదీసి చెప్పే ముగ్గురూ ఆ ఒక్క మాటలో ఉన్నారు. 2008 జులైలో కేసును పక్కన పెట్టినప్పుడు ఆ తల్లిదండ్రులకు ఆ హోదా తీసేశారు. ఈలోగా ‘సస్పెక్ట్’ అన్న మాట చేయాల్సిన నష్టం చేసేసింది.

పోర్చుగీసు చట్టం మన దేశంలోనే గోవాలో ఉండేది కదా, అక్కడి ఇంగ్లీషు అలవాట్లు పనికిరావా అనిపించవచ్చు. ఆస్తి, వారసత్వం, పెళ్లి విషయాల్లో కొంత పనికొస్తాయి, ఎందుకంటే 1867 నాటి పోర్చుగీసు పౌరస్మృతి అక్కడ ఇప్పటికీ చాలావరకు నడుస్తోంది. నేర చట్టం మాత్రం 1961లో పోర్చుగీసు పాలన పోయాక ఐపీసీకి చోటిచ్చి తప్పుకుంది. గోవాలో అలా కనుమరుగైన 1886 నాటి శిక్షాస్మృతి అంగోలాలో 2021 దాకా బతికే ఉంది.

చంపడం, చావుకు కారణం కావడం

మన లాయర్లు ఎక్కువగా జారిపడే చోటు ‘ఓమిసీదియో కుల్పోజో’. మాటకు మాట పెడితే ఇంగ్లీషులో ‘కల్పబుల్ హోమిసైడ్’. పాత ఐపీసీ 299వ సెక్షన్ చదువుకున్నవాళ్లకి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ చదువుతున్నవాళ్లకి ఇది కొట్టిన పిండి. చంపాలన్న ఉద్దేశంతోనో, చస్తాడని తెలిసో చేసిన పని అది. బ్రెజిల్‌లో కుల్పోజో దీనికి సరిగ్గా తలకిందులు. ఉద్దేశం లేకుండా, దూకుడు వల్లనో నిర్లక్ష్యం వల్లనో చేతగానితనం వల్లనో మనిషి పోతే అది కుల్పోజో. మన దగ్గర దానికి సరిపోయేది పాత 304ఏ, ఇప్పటి 106వ సెక్షన్. బ్రెజిల్ శిక్షాస్మృతి 121వ ఆర్టికల్‌లో మామూలు హత్యకు ఆరు నుంచి ఇరవై ఏళ్లు, తీవ్రమైన హత్యకు పన్నెండు నుంచి ముప్పై ఏళ్లు, కుల్పోజోకు ఒకటి నుంచి మూడేళ్లు. ఒక్క పదం తప్పుగా పడితే మూడేళ్ల నేరం మన జడ్జి కళ్లకు యావజ్జీవం దాకా వెళ్లే నేరంగా కనబడుతుంది.

పోర్చుగల్‌కు వెళితే కథ మళ్లీ మారుతుంది. నిర్లక్ష్యాన్ని వాళ్లు ‘నెగ్లిజెన్సియా’ అనే అంటారు. ‘కుల్పా’ అంటే అక్కడ మనిషిని తప్పుపట్టదగిన స్థితి, నేరానికి అతను ఎంతవరకు బాధ్యుడు అన్నది. ఉద్దేశంతో చేసిన నేరంలోనూ కుల్పా ఉంటుంది. కాబట్టి లిస్బన్ తీర్పులో కుల్పా కనిపించిన ప్రతిచోటా నిర్లక్ష్యం అని రాసుకుంటూ పోతే తీర్పు మొత్తం అయోమయం అయిపోతుంది.

ఇక ఉద్దేశం, అంటే ‘దోలో’. ఇందులో ‘దోలో ఎవెంతువాల్’ అనే రకం ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో ఇంగ్లీషుకు నిజంగా లొంగని మాట ఇదొక్కటే అనొచ్చు. 2013 జనవరి 27న బ్రెజిల్ దక్షిణాన సాంతా మరియా అనే ఊళ్లో కిస్ అనే నైట్‌క్లబ్‌లో మంటలు చెలరేగి 242 మంది చనిపోయారు. పాటగాళ్ల బృందం లోపలే బాణసంచా వెలిగించింది, శబ్దం బయటికి పోకుండా పైకప్పుకు అంటించిన ఫోమ్ అంటుకుంది, విషపు పొగ కమ్మేసింది. ఇద్దరు యజమానుల మీద, బృందానికి చెందిన మరో ఇద్దరి మీద ప్రాసిక్యూటర్లు హత్య అభియోగమే మోపారు. ఎవరినీ చంపాలని వాళ్లు అనుకోలేదని అందరికీ తెలుసు. వాదన ఏమిటంటే, ప్రాణాలు పోవచ్చని వాళ్లకు తెలుసు, ‘పోతే పోనీ’ అనుకుని ముందుకెళ్లారు, అదే దోలో ఎవెంతువాల్ అని. డిఫెన్సు లాయర్ల మాట వేరు. ప్రమాదం తెలిసినా ‘ఏమీ కాదులే’ అనుకున్నారు, అది ‘కుల్పా కొన్‌సియెంతె’, అంటే తెలిసి చేసిన నిర్లక్ష్యం మాత్రమే అన్నారు.

‘పోతే పోనీ’, ‘ఏమీ కాదులే’ అన్న ఈ రెండు మాటల మధ్య గీత మీదే కేసంతా నడిచింది. పైగా బ్రెజిల్‌లో ఏడుగురు సభ్యుల జ్యూరీ ముందుకు వెళ్లేవి ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీసిన కేసులూ, వాటితో ముడిపడినవే. కాబట్టి దోలో అవునా కాదా అన్నదాన్ని బట్టి శిక్షే కాదు, కోర్టు కూడా మారుతుంది. 2021 డిసెంబరులో జ్యూరీ నలుగురినీ దోషులుగా తేల్చింది. 18 ఏళ్ల నుంచి 22 ఏళ్లకు పైగా శిక్షలు పడ్డాయి. 2022లో రాష్ట్ర హైకోర్టు ఆ విచారణను కొట్టేసింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు జ్యూరీ తీర్పును మళ్లీ నిలబెట్టారు.

ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు దోలో ఎవెంతువాల్‌కు ‘రెక్‌లెస్‌నెస్’ అని రాస్తాయి. ప్రమాదం ఉందని తెలిసీ లెక్కచేయకపోవడం రెక్‌లెస్‌నెస్. ఆ నిర్వచనంలో ‘పోతే పోనీ’ అన్నవాడూ ఇముడుతాడు, ‘ఏమీ కాదులే’ అన్నవాడూ చాలాసార్లు ఇముడుతాడు. అంటే ఏళ్ల తరబడి ఏ గీత కోసం కొట్లాడారో, అనువాదంలో ఆ గీతే చెరిగిపోతుంది. పైగా ఇంగ్లండ్‌లో రెక్‌లెస్‌నెస్ మర్డర్‌కు చాలదు, మ్యాన్‌స్లాటర్ దాకా మాత్రమే వస్తుంది. అలాంటి పాఠకుడికి ‘రెక్‌లెస్‌నెస్‌తో చేసిన మర్డర్’ అన్న మాట పొంతన లేనిదిగా కనబడుతుంది.

ఇక్కడ మాత్రం మన ఇంగ్లీషు కాస్త మెరుగు. ఐపీసీ నుంచి న్యాయ సంహితకు వచ్చిన ‘నాలెడ్జ్’ అన్న మెట్టు, చావు సంభవించవచ్చని తెలిసి చేయడం, దోలో ఎవెంతువాల్‌కు దగ్గరగా వస్తుంది. తాగి కారు నడిపి జనాన్ని తొక్కిన కేసుల్లో 304ఏ (నిర్లక్ష్యం) పెట్టాలా, 304 రెండో భాగం (చావు రావచ్చని తెలిసి చేయడం) పెట్టాలా అని మన కోర్టుల్లో నడిచే వాదన, బ్రెజిల్ కోర్టుల్లో కుల్పా, దోలో అని నడిచే వాదన దాదాపు ఒకటే. 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్ మంటల్లో 59 మంది పోతే యజమానులకు పడింది 304ఏ. కిస్ కేసులో హత్య ఎలా మోపారో మన పాఠకుడికి వివరించాలంటే ఆ పోలిక ఒక పేరా డిక్షనరీ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. అయినా పదం దగ్గర దోలో ఎవెంతువాల్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు రెండు వాక్యాల్లో విప్పి చెప్పడమే మంచిది.

పేరు ఒక్కటే, అర్థాలు మూడు

‘ప్రిజావ్’ అన్న ఒక్క మాట అరెస్టుకూ వాడతారు, విచారణ ముందు నిర్బంధానికీ వాడతారు, శిక్షకూ వాడతారు. బోల్సొనారో కేసులో ఇది కళ్లకు కట్టింది. 2025 సెప్టెంబరు 11న ఆయనకు 27 ఏళ్ల 3 నెలల శిక్ష పడింది. నవంబరు 22న ఆయన్ని ‘ప్రిజావ్ ప్రెవెంతీవా’ కింద పట్టుకెళ్లారు, కాలికి పెట్టిన ఎలక్ట్రానిక్ మానిటర్‌ను పాడుచేశాడన్నది కారణాల్లో ఒకటి. మూడు రోజులకు, నవంబరు 25న, తీర్పు అంతిమమైందని ప్రకటించి శిక్ష అమలు మొదలుపెట్టారు. మనిషి ఉన్నచోటే ఉన్నాడు, ప్రిజావ్ మాత్రం మారింది.

ప్రిజావ్ ప్రెవెంతీవాను ‘ప్రివెంటివ్ డిటెన్షన్’ అని రాస్తే అమెరికన్ పాఠకుడు సర్దుకుంటాడు. మన పాఠకుడి దగ్గర అది ఘోరమైన తప్పు అవుతుంది. ప్రివెంటివ్ డిటెన్షన్ అనగానే తెలుగు రాష్ట్రాల్లో ఎవరికైనా గుర్తొచ్చేది పీడీ యాక్ట్. నేరం రుజువు కానక్కర్లేదు, విచారణ ఉండదు, కమిషనరో కలెక్టరో సంతకం చేస్తే ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. బ్రెజిల్ ప్రెవెంతీవా జడ్జి ఇచ్చే ఆర్డరు, ఒక నేరం కేసులో భాగంగా, సాక్ష్యాలు చెరిపేస్తాడనో పారిపోతాడనో కారణం చూపించి ఇచ్చేది. మన మాటల్లో చెప్పాలంటే అది జ్యుడీషియల్ రిమాండ్. బ్రెజిల్ కోర్టు కాగితాన్ని ఢిల్లీకి పంపేటప్పుడు ‘ప్రివెంటివ్ డిటెన్షన్’ అని ఉంటే, రాజ్యాంగం 22వ ఆర్టికల్ గుర్తొచ్చి మన అధికారి నొసలు ముడిపడకుండా ఉండదు.

శిక్షలోనూ రెండు పేర్లున్నాయి. బోల్సొనారో శిక్షలో 24 ఏళ్ల 9 నెలలు ‘రెక్లుజావ్’, 2 ఏళ్ల 6 నెలలు ‘దెతెన్సావ్’. రెక్లుజావ్ అయితే మొదటి రోజు నుంచే పూర్తిగా మూసిన జైల్లో ఉంచవచ్చు. దెతెన్సావ్‌కు మామూలుగా కాస్త సడలింపు ఉన్న జైలుతో మొదలవుతుంది. ఇంగ్లీషులో ‘డిటెన్షన్’ అంటే శిక్ష అని ఎవరూ అనుకోరు. పోర్చుగల్‌లో దెతెన్సావ్ అన్న మాటకు అర్థం జడ్జి ముందు పెట్టే దాకా 48 గంటల లోపు ఉంచే అరెస్టు. రెండూ ‘ఇంప్రిజన్‌మెంట్’ అని రాసి, పక్కన మూసిన జైలు, సడలింపు జైలు అని చెప్పడమే నయం.

‘ఫ్లగ్రాంతె’ విషయంలో మనకు సొంత మాటే ఉంది. ఏసీబీ వలలో చిక్కిన ఉద్యోగి ‘రెడ్ హ్యాండెడ్‌గా’ దొరికాడంటాం కదా, సరిగ్గా అదే. కాకపోతే బ్రెజిల్ చట్టం నేరం చేసిన వెంటనే తరిమి పట్టుకున్నవాణ్ని, కాస్త తర్వాత ఆయుధంతో దొరికినవాణ్ని కూడా ఇందులో కలుపుతుంది.

ముఖం ఒకటి, మనిషి వేరు

కొన్ని పదాలు నవ్వు తెప్పిస్తాయి. ‘కొంకుసావ్’ అంటే తలకు దెబ్బ తగిలి వచ్చే కంకషన్ కాదు, ప్రభుత్వోద్యోగి కుర్చీ బలం చూపించి డబ్బు గుంజడం. ‘ప్రెవరికసావ్’ అబద్ధాలాడడం కాదు, సొంత లాభం కోసమో ఇష్టాయిష్టాల కోసమో చేయాల్సిన డ్యూటీ చేయకపోవడం. ‘ఇన్‌జూరియా’ గాయం కాదు, మనిషిని అవమానించడం. గాయానికి వేరే మాట ఉంది. లంచం అడిగి మరీ పుచ్చుకున్న ఉద్యోగి నేరం ‘కొర్రుప్సావ్ పస్సీవా’. ఇంగ్లీషులో ‘పాసివ్ కరప్షన్’ అని రాస్తే, పాపం ఆయన ఊరకే కూర్చుంటే జేబులో పడిందన్నట్టు ఉంటుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని బ్రెజిల్‌లో ‘మినిస్త్రో’ అంటారు, మెషీన్ అనువాదం నమ్ముకుంటే మంత్రి అవుతాడు. ‘మినిస్తేరియో పూబ్లికో’ మంత్రిత్వ శాఖ కాదు, ప్రభుత్వం చేతిలో లేని ప్రాసిక్యూటర్ల వ్యవస్థ. ‘సెంతెన్సా’ శిక్ష కాదు, జడ్జి తీర్పు. నిర్దోషిగా వదిలేసిన తీర్పు కూడా సెంతెన్సాయే.

‘ప్రెస్క్రిసావ్’ దగ్గర నవ్వు ఆగుతుంది. ఇంగ్లీషులో ‘స్టాట్యూట్ ఆఫ్ లిమిటేషన్స్’ అని రాస్తారు. ఆ మాట విన్నవాళ్లు కేసు పెట్టడానికి గడువు అనుకుంటారు. బ్రెజిల్‌లో ఆ గడియారం కేసు పెట్టాక కూడా మళ్లీ నడుస్తుంది, శిక్ష పడ్డాక కూడా నడుస్తుంది. అప్పీళ్ల మీద అప్పీళ్లు వేసి ఏళ్లు గడిపితే నేరం రుజువైనా శిక్ష ఆవిరవుతుంది. ఈ సంగతి పదంలో పట్టదు, పక్కన చెప్పాల్సిందే.

బ్రెజిల్ మోసం సెక్షన్ ‘ఎస్తెలియోనాతో’, శిక్షాస్మృతిలో 171వ ఆర్టికల్. అక్కడ మోసగాణ్ని ‘ఊమ్ సేతె ఊమ్’, అంటే ఒకటి ఏడు ఒకటి అంటారు. ఇంగ్లీషువాళ్లకు దీన్ని చెప్పడానికి ఫుట్‌నోటు కావాలి. ‘వాడో ఫోర్ ట్వంటీగాడు’ అనే మనకు అక్కర్లేదు. న్యాయ సంహితలో మోసం 318కి మారినా జనం నోట్లో 420 మారలేదు.

‘లాత్రోసీనియో’ మాత్రం కాస్త ఆగి చూడాల్సిన మాట. దోపిడీ చేస్తూ మనిషిని చంపడం. శిక్ష ఇరవై నుంచి ముప్పై ఏళ్లు. ఇంగ్లీషు వార్తలు దీన్ని ‘మర్డర్’ అంటాయి, కొన్ని ‘రాబరీ మర్డర్’ అంటాయి. కానీ బ్రెజిల్ చట్టం దీన్ని ఆస్తి నేరాల అధ్యాయంలో పెట్టింది, ప్రాణం మీద నేరాల్లో కాదు. దాని ఫలితం, సుప్రీంకోర్టు 603వ సూత్రీకరణ (తన తీర్పుల సారాన్ని కోర్టు నంబరు వేసి ప్రకటించే వాక్యం) తేల్చినట్టు, ఈ కేసు జ్యూరీకి వెళ్లదు, ఒక్క జడ్జే వింటాడు. మనిషి చచ్చిపోయి, దొంగ చేతికి ఏమీ చిక్కకపోయినా లాత్రోసీనియో పూర్తయినట్టే అని 610వ సూత్రీకరణ చెబుతుంది. ‘మర్డర్’ అని రాసినవాడు, ఇంత పెద్ద కేసు జ్యూరీ ముందుకు ఎందుకు రాలేదో తర్వాత పేజీలో వివరించలేక చస్తాడు. ‘రాబరీ రిజల్టింగ్ ఇన్ డెత్’ అనే పొడుగు మాటే ఇక్కడ నిలుస్తుంది.

దీనికి ఎదురుగా, మనకు నేరుగా దొరికిన మాట ఒకటుంది. ‘దెలసావ్ ప్రెమియాదా’, చట్టంలో 2013 నుంచి ‘కొలబొరసావ్ ప్రెమియాదా’. నేరంలో పాలుపంచుకున్నవాడే మిగతావాళ్ల గుట్టు విప్పి శిక్ష తగ్గించుకోవడం. 2014లో మొదలైన లావా జాతో కుంభకోణం కేసులు దీని మీదే నిలబడ్డాయి. బోల్సొనారో కేసులో ఆయన సహాయకుడిగా పనిచేసిన సైనికాధికారి వాంగ్మూలం కూడా ఇలాంటిదే. అమెరికన్ అనువాదాలు దీన్ని ‘ప్లీ బార్గెయిన్’ అంటాయి. అది నేరం ఒప్పుకుని శిక్ష గురించి బేరమాడడం, ఇంకొకరి పేరు చెప్పక్కర్లేదు. తెలుగు పేపర్లు చదివేవాడికి ‘అప్రూవర్‌గా మారాడు’ అంటే చాలు. మన దగ్గర క్షమాభిక్ష, అక్కడ ఎక్కువగా శిక్ష తగ్గింపు, ఆ తేడా ఒక్కటి చెప్పుకుంటే సరిపోతుంది. అయితే అప్రూవర్ అన్న మాట న్యూయార్క్ పాఠకుడికి బొత్తిగా తెలియదు, ‘కోఆపరేషన్ అగ్రిమెంట్’ అనాలి. ఎవరి కోసం రాస్తున్నామన్న ప్రశ్న ఊరికే అడిగేది కాదు.

జరిమానా దగ్గర ఈ ప్రశ్న నేరుగా మనుషుల బతుకుల మీదికి వస్తుంది. పోర్చుగల్‌లో నేరానికి వేసే జరిమానా ‘ముల్తా’, నేరం కాని పరిపాలనా ఉల్లంఘనకు వేసేది ‘కోయిమా’. రెండూ ఇంగ్లీషులో ‘ఫైన్’ అయిపోతాయి. 2001 జులై నుంచి పోర్చుగల్‌లో సొంత వాడకానికి పది రోజులకు సరిపడే లోపు మత్తుమందు దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, ‘కొంత్రా ఒర్దెనసావ్’, అంటే పరిపాలనా ఉల్లంఘన. దాన్ని విదేశీ పత్రికలు ‘లీగల్’ అయిందని రాసేశాయి. లీగల్ కాలేదు, నిషేధం అలాగే ఉంది, నేరం జాబితాలోంచి మాత్రం పోయింది. కోయిమా కట్టిన మనిషి కాగితం అనువాదంలో ‘కన్విక్షన్’, ‘ఫైన్’ అని పడితే వీసా ఫారంలో ‘మీ మీద నేరం రుజువైందా’ అన్న గడి దగ్గర ఆయనకు లేని తలనొప్పి పుట్టుకొస్తుంది. ఇలాంటి కాగితాల్లో అనువాదకుడు ‘అడ్మినిస్ట్రేటివ్ ఆఫెన్స్’ అని రాయాలి, ‘క్రిమినల్ కాదు’ అని నోట్ కూడా పెట్టాలి.

ఇరవై అయిదేళ్లు అంటే ఎన్నేళ్లు

పోర్చుగీసు, భారతీయ నేర చట్టాలు నిజంగా ఒకదాన్నొకటి ఢీకొన్నది 1993 ముంబయి పేలుళ్ల కేసు నిందితుడు అబూ సలేం అప్పగింతలో. 2002 సెప్టెంబరులో లిస్బన్‌లో పట్టుబడ్డ ఆయన్ని 2005 నవంబరులో భారత్‌కు అప్పగించారు. మన దగ్గర ఆయన మీద ఉన్న కేసుల్లో ముంబయి పేలుళ్లతో పాటు కర్నూలు చిరునామాతో తీసిన దొంగ పాస్‌పోర్టు కేసు కూడా ఉంది, హైదరాబాద్ సీబీఐ కోర్టు 2013లో అందులో ఏడేళ్ల శిక్ష వేసింది. పోర్చుగల్ రాజ్యాంగం ఎడతెగని శిక్షను ఒప్పుకోదు, అక్కడ గరిష్ఠ శిక్ష 25 ఏళ్లు. అందుకే 2002 డిసెంబరులో మన ప్రభుత్వం మరణశిక్ష గానీ 25 ఏళ్లకు మించిన జైలు గానీ ఉండదని హామీ ఇచ్చింది.

తర్వాత గొడవ ఒక్క మాట మీద వచ్చింది. ఏ నేరాల కోసం అప్పగించారో వాటికే విచారించాలన్న సూత్రం రెండు దేశాల్లోనూ ఉంది. మన అప్పగింత చట్టం 21వ సెక్షన్ మాత్రం, అవే వాస్తవాల్లోంచి తేలే ‘లెసర్ ఆఫెన్స్’కు కూడా విచారించవచ్చంటుంది. లెసర్ అంటే శిక్ష తక్కువ ఉన్న నేరం అని 2010లో మన సుప్రీంకోర్టు అర్థం చెప్పి, అదనపు అభియోగాలను సరేనంది. పోర్చుగీసు కోర్టులు 2011, 2012లో అలా అనుకోలేదు, సూత్రాన్ని ఉల్లంఘించారని తేల్చాయి. తమ దేశంలో ఆ తీర్పులు తమను కట్టడి చేయవని మన కోర్టు నిలబడింది.

2017లో ముంబయిలోని టాడా (ఉగ్రవాద కేసుల ప్రత్యేక) కోర్టు ఆయనకు యావజ్జీవం వేసింది. మన చట్టంలో యావజ్జీవం అంటే బతికినంత కాలం, తగ్గింపు వేరే సంగతి. లిస్బన్ జడ్జి చెవికి అది సరిగ్గా తమ రాజ్యాంగం నిషేధించిన ‘ప్రిజావ్ పెర్పేతువా’. 2022 జులై 11న మన సుప్రీంకోర్టు, ఇచ్చిన మాటకు కేంద్రం కట్టుబడాలని, 25 ఏళ్లు నిండగానే విడుదల కోసం రాష్ట్రపతికి సలహా ఇవ్వాలని చెప్పింది. పోర్చుగల్‌లో అక్కడి కేసుల్లో ఆయన అనుభవించిన జైలు ఈ లెక్కలోకి రాదంది. లెక్క మొదలయ్యే తేదీ 2005 అక్టోబరు 12.